మూడో నంబరు గడి

ఈదురుగాలి. వైట్‌హేవెన్‌లో సముద్రం
మైదానం పక్కనే కూచుని దగ్గుతోంది.
రేకుల షెడ్డు కింద నేనూ, ఒక ముసలాయనా,
ఆయన కుక్కా, మహా అయితే ఇంకో అరవై మందీ.
నోటుపుస్తకం మీద జల్లు కొట్టి
నేను రాసుకున్న మూడు కాస్తా ఎనిమిదైంది.

వచ్చే శనివారం వీళ్లతోనే మా ఆట.
మా కోచ్ డెస్మండ్ థ్రెల్కెల్డ్, తెల్లవారుజామున పాల వ్యాను తోలే మనిషి,
ఒక్క కాగితం చాలన్నాడు:
ఎలా నిలబడతారు, ఎవరు నడిపిస్తారు, ఎక్కడ చిరుగుతారు.
మూడోది అడిగేటప్పుడు గొంతు తగ్గించాడు.

మొదటి పావుగంట నేను బంతిని చూడను.
బంతి అబద్ధాలకోరు.
బంతి తన దగ్గర లేనప్పుడు
మనిషి ఎటు నడుస్తాడో అదే వాంగ్మూలం.

పేరుకి నాలుగు-మూడు-మూడు.
బంతి చేజారగానే అయిదుగురు వెనక్కి ఒదిగి
పులిజూదంలో మేకల్లా గీతల కూడళ్లు పట్టేస్తారు.
ఏ మేకకా మేక అమాయకంగానే ఉంటుంది.
పులి తోక తిప్పేసరికి దారుండదు.
మా ముందువరుస కుర్రాడు పులే గానీ తొందరెక్కువ పులి.
వాడికి చెప్పాలి: దూకకు.
ముందు మేకలకి విసుగు పుట్టించు.

ఆరో నంబరుని కోఫీ అంటున్నారు. పరిగెత్తడు.
పెళ్లివంటల దగ్గర పెద్ద వంటవాడిలా
మధ్యలో నిలబడి చెయ్యి చూపిస్తాడు, గరిటె ముట్టడు,
చుట్టూ పదిమంది ఉడికిపోతుంటారు.
బంతి అందనీ. తల తిప్పే వ్యవధి మాత్రం ఇవ్వొద్దు.

తొమ్మిది తాడిచెట్టు. గాలిలో బంతులన్నీ వాడి సొత్తే.
కుడికాలు వాడికి పండగ చొక్కా, బయటికి తీయడు.
కార్నర్ కొడితే ముగ్గురు దగ్గరి స్తంభం వైపు దొంగపరుగు తీస్తారు;
వెనక నిలబడి ఆవలించే నాలుగోవాడే అసలు దొంగ.

ఇక మూడో నంబరు. ఎడమ వెనక.
ఓవెన్ బ్రాత్‌వెయిట్.
ఈ పేరు నాకెవరూ చెప్పక్కర్లేదు.

మంగళవారం సాయంత్రం, ఆసుపత్రిలో, ఎక్స్‌రే రెండో గదిలో
వాడి ఎడమ మోకాలిని పలక మీద సర్దింది నేనే.
కదలొద్దన్నాను.
గోడవైపు చూస్తూ అడిగాడు, "శనివారం ఆడొచ్చా?"
అది డాక్టరు చెప్పాల్సిన మాట అన్నాను.
తెర మీద ఎముక తెల్లగా, దాపరికం తెలియకుండా వెలిగింది.
చూసింది చూశాను.

ఇప్పుడు మేజోడు పైకంటా లాగి ఆడుతున్నాడు.
ఎడమకాలి మీద ఆగాల్సిన ప్రతిచోటా
అరక్షణం ముందే బరువు కుడికాలికి అప్పగిస్తున్నాడు.
దీన్ని నా కన్ను పట్టిందా,
మంగళవారం పట్టించిందా?
రెండింటి మధ్య గీత గీయబోతే
పెన్ను తడి కాగితంలో దిగబడింది.

ముసలాయన కుక్కకి పేస్ట్రీ ముక్క తుంచిపెడుతూ
"మా మూడో నంబరు ఇవాళ బద్ధకిస్తున్నాడు" అన్నాడు, నాతోనో కుక్కతోనో.
అయితే అందరికీ కనబడుతోందా?
అయితే రాయొచ్చా?
ముసలాయనకి బద్ధకం కనబడింది.
నాకు కనబడింది బద్ధకం కాదు.

రాత్రి హీటరు మీద కాగితాలు ఆరబెట్టి
డెస్మండ్‌కి ఫోన్లో చదివి వినిపించాను.
ఆరు విన్నాడు. తొమ్మిది విన్నాడు. నాలుగో దొంగకి నవ్వాడు.
"మరి మూడు?"
"గాలి ఎదురుగా కొట్టింది," అన్నాను, "ఆ వైపు సరిగ్గా చూళ్లేదు."
పదకొండేళ్లుగా నా కాగితాలు చదువుతున్న మనిషి
కాసేపు ఏమీ అనలేదు.
పాల సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు.
"సరే," అన్నాడు, "కుడివైపు ఎవరిని పంపాలో రేపు చూద్దాం."

ఆ సరేలో ఎంత అర్థమైందో నేనడగలేదు.
సోమవారం పొద్దున్న ఏడింటికి నాకు డ్యూటీ.
జాబితా వచ్చేసింది.
పేర్లింకా చూడలేదు.